36 కిలోమీటర్లకు డబ్బు కట్టించుకుని 9 కిలోమీటర్లు తిప్పిన రాఫ్టింగ్ ప్యాకేజీపై ఫిర్యాదు

హైదరాబాద్,
నవంబర్ 3

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: రిషికేశ్ రాఫ్టింగ్ ప్యాకేజీ – 22,000 రూపాయల వాపసు గురించి

అయ్యా,

అక్టోబర్ 18న జరగాల్సిన, గంగా నదిలో కౌడియాలా నుంచి రిషికేశ్ వరకు 36 కిలోమీటర్ల రాఫ్టింగ్‌కు (గాలి నింపిన రబ్బరు పడవలో తెడ్లు వేస్తూ చేసే ప్రయాణానికి) తలకు 2,500 చొప్పున పది మందికి 25,000 రూపాయలు మీ హైదరాబాద్ ఆఫీసులో కట్టాం. తీరా నీళ్లలోకి దింపింది బ్రహ్మపురిలో. అక్కణ్ణుంచి రిషికేశ్ తొమ్మిది కిలోమీటర్లే. వాల్, త్రీ బ్లైండ్ మైస్, రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ అని మీ బ్రోషర్‌లో ఫొటోలు వేసిన ర్యాపిడ్‌లన్నీ (నీళ్లు రాళ్ల మీద ఉరకలెత్తే చోట్లన్నీ) బ్రహ్మపురికి ఎగువనే ఉంటాయి. ఒక్కటీ ఆ దారిలో రాదు.

నీటిమట్టం బాగాలేక మార్చామని ఈమెయిల్‌లో రాశారు. అది నిజం కాదు. ఆ ఉదయం మిగతా కంపెనీల రాఫ్ట్‌లు కౌడియాలా నుంచే దిగాయి. అసలు కారణం మీ బుకింగ్ కాగితంలోనే ఉంది: పది మందికి ఒకే రాఫ్ట్ రాసిపెట్టారు. 14 అడుగుల రాఫ్ట్‌లో గైడ్ కాక ఎనిమిది మందికి మించి ఎక్కిస్తే అంచు మీద కూర్చోవడానికి, తెడ్డు ఆడించడానికి చోటుండదు. ఒకరి తెడ్డు పిడి పక్కవాళ్ల పళ్లకు తగులుతుంది. రాఫ్ట్ బరువెక్కి, తిప్పాల్సినచోట తిరగదు. గైడ్ ఒప్పుకోలేదు, ఒప్పుకోకూడదు కూడా. రెండో రాఫ్ట్ అప్పటికే ఇంకో బృందంతో నదిలో ఉంది. అది తిరిగొచ్చేసరికి, ఉదయం 7.30కి రావాల్సిన జీపు రిషికేశ్ పక్కనున్న తపోవన్‌లో మధ్యాహ్నం 2.45కి కదిలింది.

అక్టోబర్ మూడో వారంలో అక్కడ ఆరు గంటలలోపే సూర్యుడు అస్తమిస్తాడు. లోయలో ఎండ అంతకు చాలా ముందే పోతుంది. కౌడియాలా నుంచి నీళ్ల మీద ఐదారు గంటలు పడుతుంది, బద్రీనాథ్ రోడ్డు ట్రాఫిక్‌లో పైకి వెళ్లే సమయం దీనికి అదనం. మధ్యలో ఉన్న శివపురి నుంచి 16 కిలోమీటర్లకైనా, వెనక రాఫ్ట్ కోసం ఆగుతూ వస్తే, మూడు గంటలు. చీకట్లో నీళ్లలో పడ్డ మనిషి తల కనిపించదు. అందుకే గైడ్ బ్రహ్మపురి దగ్గర దింపాడు. అతని తప్పు ఇసుమంత కూడా లేదు. దయచేసి ఈ ఫిర్యాదు అతని మీదికి నెట్టకండి.

ఇక తేదీ సంగతి. మొదట మీరే సెప్టెంబర్ 14 ఖాయం చేశారు. జూలై, ఆగస్టుల్లో రిషికేశ్‌లో రాఫ్టింగ్ ఆపేస్తారు. సెప్టెంబర్‌లో నీళ్లు తగ్గి, అధికారులు నదిని పరీక్షించి అనుమతిస్తేనే మళ్లీ మొదలవుతుంది. చాలా ఏళ్లు ఆ నెల రెండో సగం దాకా తెరవరు. ఈ వ్యాపారంలో ఉన్న మీకు ఇది తెలియాలి. నది తెరవకపోతే తేదీ మార్పు రుసుమంటూ తలకు 500 మా దగ్గరే వసూలు చేశారు! 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది. మన దగ్గర ఆఫీసు పెట్టి వరద రోజుల్లో తేదీలు అమ్మేవారు ఆ రోజును మరవకూడదు.

లైఫ్ జాకెట్ల గురించి గట్టిగా చెప్పాలి. పదిలో మూడింటికి పక్క పట్టీ బకిల్ విరిగి, తాడుతో ముడేసి ఉంది. ఒకదాని లోపలి ఫోమ్ నొక్కితే నొక్కినట్టే ఉండిపోయింది, అలాంటిది మనిషిని సరిగా తేల్చదు. జాకెట్ తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. చెవుల దాకా లేచిందంటే, నీళ్లలో అది తలమీంచి ఊడిపోతుంది. మాకిచ్చినవాటిలో రెండు అలాగే లేచాయి. గైడ్ తన సొంత సామాను తెప్పించి మార్చాడు. సేఫ్టీ కయాక్, అంటే చిన్న పడవలో రాఫ్ట్ వెంట వచ్చే రక్షకుడు, ప్యాకేజీలో రాసి ఉంది, రాలేదు. ర్యాపిడ్ దిగువన ముందే చేరి కాచుకునే మనిషి అతను. రాఫ్ట్ తిరగబడి, తాడు సంచి విసిరినా అందనంత దూరం కొట్టుకుపోయినవాళ్లను ముందుగా అందుకోగలిగేది అతనే.

మీ రేటు పట్టికలోనే బ్రహ్మపురి తలకు 800. తేడా 1,700 చొప్పున 17,000, తేదీ మార్పు పేరుతో తీసుకున్న 5,000, మొత్తం 22,000 రూపాయలు 15 రోజుల్లో తిరిగివ్వండి. కూపన్లు వద్దు, డబ్బు కట్టిన ఖాతాకే వేయండి. ఆ జాకెట్లను వాడకం నుంచి తీసేసినట్టు, ఇకపై ప్రతి బుకింగ్‌లో రాఫ్ట్‌ల సంఖ్య, బయలుదేరే సమయం, నది తెరవకపోతే పూర్తి వాపసు అన్న షరతు రాస్తున్నట్టు లిఖితపూర్వకంగా తెలపండి.

గడువులోగా జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేముంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేస్తాం. రసీదులు, బ్రోషర్, జాకెట్ల ఫొటోలు జతపరిచాం.

ఇట్లు,
పది మంది బృందం తరఫున