మహిళా సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. సంక్రాంతి ముగ్గుల పోటీ, శ్రావణ మాసం కుంకుమ పూజ, కుట్టు శిక్షణ ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది మన సమయమంతా తిన్నది మాత్రం తొలి కాన్పు తల్లుల పనే.

మన గాజువాక కాలనీలో చాలా కాపురాలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉద్యోగాలకని వచ్చినవే. తొలి కాన్పు పుట్టింట్లో అవుతుంది. అక్కడ అమ్మ, పిన్ని, బిడ్డకు నీళ్లు పోసే ముసలమ్మ, అందరూ ఉంటారు. మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డనెత్తుకుని ఇక్కడికొస్తే భర్త షిఫ్టు, నాలుగు గోడలు. ఆశా కార్యకర్త 42వ రోజు దాకా ఆరుసార్లు ఇంటికొచ్చి చూడాలి కానీ, ఆ రోజులన్నీ పుట్టింటి ఊళ్లోనే అయిపోతాయి. ఇక్కడి ఆశాకు ఈ అమ్మాయి వచ్చిందనే తెలియదు. అందుకే కొత్తగా వచ్చిన తల్లుల పేర్లు మన వీధి బాధ్యులు ఆమెకు అందించారు.

ఇళ్లకు వెళ్లి సాయం చేసినవాళ్లలో మన రిటైర్డ్ టీచరు గారికి ముందుగా కృతజ్ఞతలు. కాళ్లు చాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుని నీళ్లెలా పోయాలో తల్లి చేతే చేయించి నేర్పారు. ముక్కులో, చెవుల్లో నూనె వేయొద్దని అత్తగార్లకు కూడా మొహమాటం లేకుండా చెప్పారు.

అన్నిటికంటే గర్వంగా చెప్పుకోవాల్సింది ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాల్లో పెట్టిన అత్తాకోడళ్ల సమావేశం. హాలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. ‘పాలు చాలట్లేదు, డబ్బా పాలు పట్టు’ అని ఇంట్లో అంటుంటే ఏడుపొస్తుందని ఒక కోడలు పైకి చెప్పేసింది. ఆమె అత్తగారు పక్కనే ఉన్నారు! ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎం గారు తగువు పెట్టకుండా, రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఒంటికి పోస్తూ, బరువు పెరుగుతుంటే బిడ్డకు పాలు సరిపోతున్నట్టేనని చెప్పారు. మరుసటి వారం ఆ అత్తగారే ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చారు.

కాన్పయిన కొత్తలో తల్లికి ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోతే అది ‘గారాబం’ కాదు, డాక్టరుకు చూపించాల్సిన విషయం. ప్రసవించిన తల్లుల్లో దాదాపు 13 శాతం మందికి మానసిక సమస్యలు వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ప్రతి ఇంటి ఫ్రిజ్ మీద అంటించాం. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ పడవు.

కేంద్ర ప్రభుత్వ మాతృ వందన యోజన కింద తొలి బిడ్డకు వచ్చే 5,000 రూపాయల దరఖాస్తులు కూడా నింపి ఇచ్చాం. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు ఉండి కొన్ని ఆగాయి. సరిచేయమని వెళ్తే ఒక కార్యాలయం వాళ్లు ‘సోమవారం రండి’ అన్నారు. ఏ సోమవారమో చెప్పలేదు. మన ఫొటోల్లో మాత్రం ముందు వరసలో నిలబడ్డారు.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. వాట్సాప్‌లో ‘నేను రెడీ’ అని బొటనవేలు చూపించినవాళ్లకు కొదవ లేదు. తీరా బాలింత ఇంటికి గంటసేపు వెళ్లి బిడ్డను చూసుకోండి, ఆ అమ్మాయి తలస్నానం చేసి కునుకు తీస్తుంది అంటే, ఎప్పుడూ ఆ నలుగురే. ఆ నలుగురికీ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు.

జమాఖర్చులు కోశాధికారి గారు నోటీసు బోర్డులో పెట్టారు. టీ, టిఫిన్లు, జిరాక్సులు మినహా పెద్ద ఖర్చు లేదు. బిడ్డ బరువు చూసే తూకం కొనిచ్చిన కిరాణా షాపు యజమానికి, హాలు అద్దె తీసుకోని అపార్ట్‌మెంట్ వారికి, అంగన్‌వాడీ టీచరుకు, ఏఎన్‌ఎం గారికి, జీడిపప్పు ఉప్మా వండిపెట్టిన అక్కలకు ధన్యవాదాలు.

వచ్చే ఏడాదికి పేరిచ్చేవాళ్లు ఏ వారం, ఏ పూట వీలవుతుందో కూడా కాగితం మీద రాసివ్వండి. వాట్సాప్‌లో వద్దు.

ఇట్లు,
కార్యదర్శి