టిక్కుమన్నంత మాత్రాన రిలే బాగున్నట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ సాంకేతిక శీర్షికలో కంట్రోల్ బోర్డుల గురించి రాస్తూ, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్) టిక్కుమంటే బాగున్నట్టే అన్నారు. పాతికేళ్లుగా బోర్డులు బాగుచేస్తున్నాను. ఆ మాట నమ్మి నేనూ మోసపోయాను.

రిలే లోపలి తీగచుట్ట, అంటే కాయిల్, అయస్కాంతమై రేకును లాగినప్పుడు వచ్చే చప్పుడు అది. కరెంటు పారాల్సిన కాంటాక్టుల (ఒకదానికొకటి తగిలే లోహపు బిళ్లల) సంగతి దాన్నిబట్టి తెలీదు. ఒకసారి హీటర్ బోర్డు వచ్చింది. రిలే చక్కగా టిక్కుమంటోంది, హీటర్ కాసేపు పనిచేసి ఆగిపోతోంది. మెయిన్స్ తీసేసి, కాయిల్‌కు విడిగా 12 వోల్టులిచ్చి కాంటాక్టుల మధ్య మీటర్ పెడితే అర ఓమ్ చూపింది. మీటర్ తీగలకే అంత ఉంటుందిలే అనుకున్నాను. బోర్డు తిప్పి భూతద్దంతో చూస్తే రిలే కాలు (పిన్ను) చుట్టూ టంకంలో వెంట్రుకంత పగులు. దొరికింది దొంగ అనుకుని మళ్లీ టంకం వేసి పంపాను. వారానికే తిరిగొచ్చింది, అదే కాలి దగ్గర అదే పగులుతో.

అప్పుడు ఆ అర ఓమ్ తీగలది కాదు, కాంటాక్టుదే అనుకుని లెక్క వేశాను. 10 ఆంపియర్లు పారే చోట అర ఓమ్ అంటే 50 వాట్ల వేడి, అదీ గోరంత చోట! టంకం పగలక ఏం చేస్తుంది? రిలే మార్చాక ఆ బోర్డు మళ్లీ నా బల్ల ఎక్కలేదు. అప్పట్నుంచి మీటర్ తీగలు రెండూ కలిపి చూసి, ఆ రీడింగ్ తీసేశాకే కాంటాక్టును నమ్ముతున్నాను.

అసలు టిక్కుమనకపోతే పని కొంత తేలిక. చిన్న 12 వోల్టుల రిలే కాయిల్ సాధారణంగా 400 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. అది సరిగా ఉంటే కాయిల్‌కు కరెంటు వేసి ఆపే డ్రైవర్ ట్రాన్సిస్టర్ చూడాలి. కాయిల్ ఆగినప్పుడు వచ్చే వోల్టేజీ దెబ్బ ట్రాన్సిస్టర్‌కు తగలకుండా కాయిల్‌కు అడ్డంగా ఉండే డయోడ్ పోయిందేమో చూడకుండా కొత్త ట్రాన్సిస్టర్ వేస్తే అదీ పోతుంది. రిలే గడగడా కొట్టుకుంటుంటే చాలాసార్లు సప్లైలో ఎండిపోయిన కెపాసిటరే కారణం.

కాంటాక్టులను గరుకు కాగితంతో రుద్దమనీ రాశారు. దయచేసి సవరించండి. రుద్దితే పైనున్న వెండి పొర పోయి ఇంకా త్వరగా కాలుతుంది. ప్లగ్ తీశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలి ఉంటుందన్న హెచ్చరిక మీ వ్యాసంలో లేదు. సవరణతో పాటు అదీ వేయండి, కాస్త పెద్ద అక్షరాల్లో.

ఇట్లు,
ఒక బోర్డుల మెకానిక్