కిడ్నీలో నీటి బుడగకీ ఉద్దానం జబ్బుకీ ముడిపెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

కారణం ఇదీ అని తేలకుండానే ఎందరికో కిడ్నీలు చెడిపోతున్న ఉద్దానం ప్రాంతం మాది. ఇక్కడి కవిటి మండలంలో ఏఎన్‌ఎంగా (ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తగా) చేసి రిటైరయ్యాను. అయినా స్కాన్ కాగితాలు మా అరుగు మీదికి వస్తూనే ఉన్నాయి. ఈమధ్య వాటిలో తరచూ కనిపిస్తున్న ముక్క ‘సింపుల్ కార్టికల్ సిస్ట్’. గ్యాస్ నొప్పికో, గర్భసంచి కోసమో స్కాన్ తీయించుకుంటే కిడ్నీల వరుసలో ఇది రాసిస్తారు. అదేమిటో చెప్పేవారుండరు. జీడిపిక్కల ధర అడిగినంత మామూలుగా ‘క్రియాటిన్ ఎంతొచ్చింది’ అని ఒకరినొకరు అడిగే ఊళ్లు మావి. క్రియాటిన్ అంటే క్రియాటినిన్, కిడ్నీ పనితనం చెప్పే రక్తపరీక్ష. మొన్న తోటపనికెళ్లే ఒకామె ‘నాకూ డయాలసిస్ తప్పదేటమ్మా?’ అంటూ వచ్చింది. చూస్తే క్రియాటినిన్ 0.8, అంటే మామూలే; సిస్ట్ 2 సెంటీమీటర్లు!

ఈ సింపుల్ సిస్ట్ అంటే కిడ్నీలో నీటి బుడగ: పలుచని గోడ, లోపల నీరు, అంతే. యాభై దాటినవారిలో ఇవి మామూలు. చాలావాటికి ఏ వైద్యమూ అక్కర్లేదు. రెండు కిడ్నీల నిండా తిత్తులు పుట్టి పనితనం తగ్గుతూ వచ్చే పాలిసిస్టిక్ జబ్బు వేరు, అది వంశంలో వస్తుంది. నా భయమల్లా సిస్ట్ పేరు చెప్పి మింగేవాటి గురించి. దాన్ని కరిగించే మాత్ర గానీ పసరు గానీ లేదు. డొక్కనొప్పని మెడికల్ షాపులో నొప్పిబిళ్లలు కొని నెలల తరబడి వాడితే, బాగున్న కిడ్నీ కూడా చెడొచ్చు.

సిస్ట్ పెద్దదై నొప్పి పెట్టినా, చీము పట్టినా, మూత్రం దారికి అడ్డుపడినా అప్పుడు వైద్యం కావాలి. మా ఆడపడుచుకి 9 సెంటీమీటర్లది ఉండేది, వంగి ముగ్గు వేయలేకపోయేది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పొట్ట కోయాల్సిందే అన్నారు. విశాఖలో మరో డాక్టరు వీపు దగ్గర మత్తు సూది వేసి, స్కాన్‌లో చూస్తూ సన్నని గొట్టం దించి నీరు లాగేశారు. ఆ నీటిని పరీక్షకు పంపారు. ఊరికే లాగేస్తే చాలామందిలో మళ్లీ ఊరుతుంది. అందుకని ఆ తిత్తిలోకి ఆల్కహాల్ ఎక్కించి, కాసేపుంచి, తిరిగి తీసేశారు. నీరు ఊరే లోపలి పొరను అది చంపుతుంది. ముందుగా రంగుమందు పోసి, తిత్తికి మూత్రం దారితో సంబంధం లేదని చూసుకున్నారు. ఉంటే ఆల్కహాల్ పోయకూడదు. (ఆల్కహాల్ మాట విన్నప్పుడు వాళ్లాయన ముఖం చూడాలి!) సూదికి లొంగనివాటికి లాప్రోస్కోపీ ఉంది. చిన్న రంధ్రాల్లోంచి తిత్తి పైగోడ కోసి తీసేస్తారు, కిడ్నీ ఉన్నచోటే ఉంటుంది.

అయితే గోడ మందంగా ఉన్నా, లోపల గట్టి గడ్డ కనిపించినా అది ‘సింపుల్’ కాదు. క్యాన్సరేమో తేల్చుకోవాలి. దానికి రంగుమందు ఎక్కించి సీటీ స్కాన్ తీస్తారు. ఆ మందు బలహీనపడ్డ కిడ్నీకి పడకపోవచ్చు కనుక క్రియాటినిన్ ఎక్కువున్నవారు ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పాలి. మా ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. సిస్ట్ ప్రమాదం లేనిదన్నారు కదా అని రక్తపరీక్ష మానేయడమూ తగదు. ఉద్దానం జబ్బు స్కాన్‌లో సిస్ట్ ఉందా లేదా అని చూసి రాదు.

జిల్లా అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం. సింపుల్ సిస్ట్ అని రాసిన స్కాన్ రిపోర్టు చివర ‘ఇది మామూలు నీటి బుడగ, డాక్టరుకి చూపించండి, మందులు కొనుక్కోవద్దు’ అని తెలుగులో ఒక్క వాక్యం అచ్చు వేయించండి. 2023 డిసెంబరులో ప్రారంభమైన పలాస కిడ్నీ ఆసుపత్రిలో ఈ సూది వైద్యం చేస్తారా, ఏ రోజున ఎవరిని కలవాలి అన్నది ప్రతి పీహెచ్‌సీ గోడ మీదా రాయించండి.

– ఒక విశ్రాంత ఏఎన్‌ఎం, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా