పెరాల్టా ఫైలు మళ్లీ తెరవండి: అమెరికా రక్షణ మంత్రికి బహిరంగ లేఖ

2024 నవంబర్ 15

గౌరవనీయులైన రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ గారికి,

సరిగ్గా 20 ఏళ్ల క్రితం ఇదే రోజు ఇరాక్‌లోని ఫలూజాలో మెరైన్ సార్జెంట్ రఫాయెల్ పెరాల్టా చనిపోయాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లు.

మెక్సికో నగరంలో పుట్టి, శాన్ డియాగోలో హైస్కూలు చదివిన కుర్రాడు. గ్రీన్ కార్డు చేతికొస్తే మా తెలుగువాళ్లం ముందు ఇంటికి ఫోన్ చేస్తాం, తర్వాత ఇండియా టికెట్లు చూసుకుంటాం. అతను ఆ రోజే వెళ్లి మెరైన్లలో చేరాడు. పౌరసత్వం తర్వాతెప్పుడో వచ్చింది. పడగ్గది గోడకి అమెరికా రాజ్యాంగం, హక్కుల పత్రం, తన శిక్షణ పూర్తయిన సర్టిఫికెట్, ఈ మూడే తగిలించుకున్నాడట.

ఆ రోజు ఒక ఇంట్లో గదులు సోదా చేస్తూ తలుపు తీయగానే తూటాలు తగిలి పడిపోయాడు. శత్రువులు గ్రెనేడ్ విసిరారు. దాన్ని తన ఒంటి కిందికి లాక్కున్నాడని పక్కనున్న మెరైన్లు చెప్పారు. అలా జరగలేదని ఆ తర్వాత కొందరన్నారు, అది కూడా దాచక్కర్లేదు.

అతని దళమైన మెరైన్ కోర్, అమెరికాలో అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్‌కు సిఫారసు చేసింది. తలకు అంత గాయమైనవాడు తెలిసి చెయ్యి చాచగలడా అన్న సందేహంతో 2008లో అప్పటి రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ కాదన్నారు. దాని తర్వాతి స్థాయి పతకమైన నేవీ క్రాస్ ఇచ్చారు. తర్వాత వచ్చిన ఇద్దరు మంత్రులూ ఆ నిర్ణయాన్ని మార్చలేదు. కుటుంబం 2015 దాకా ఆ పతకం తీసుకోలేదు. 2017లో ఒక యుద్ధనౌక అతని పేరుతో నౌకాదళంలో చేరింది, సంతోషం.

కానీ మంత్రిగారూ, నేవీ క్రాస్ ప్రశంసాపత్రం ఒకసారి చదవండి. అతను చెయ్యి చాచి గ్రెనేడ్‌ను దగ్గరికి లాక్కుని తోటివాళ్లను కాపాడాడని మీ ప్రభుత్వమే అందులో రాసింది. పెద్ద పతకానికి రుజువు మరింత గట్టిగా ఉండాలంటారు, సరే. అయితే స్పృహలో లేనివాడు చెయ్యి ఎలా చాచాడు? చాచాడని నమ్మితే ఇంకా దేని మీద సందేహం?

ఫైలు మళ్లీ తెరిపించండి. వైద్యులు ఏం చూసి ఏం తేల్చారో, సాక్షుల మాట ఎందుకు చాలలేదో అందరికీ అర్థమయ్యేలా బయటపెట్టండి. పాత జవాబే మళ్లీ ఇస్తే మాత్రం, ప్రశంసాపత్రంలోని ఆ వాక్యం ఏ ఆధారంతో రాశారో కూడా చెప్పండి.

ఇట్లు,
కాలిఫోర్నియాలో ఉంటున్న ఒక తెలుగువాడు