బెంచీ మీద కూర్చున్నందుకు 1,200 రూపాయలు

సంపాదకులకు నమస్కారం.

సెలవులు వచ్చినప్పుడల్లా పిల్లలను ఎక్కడికి తీసుకెళ్లాలన్న మాట మొదలైతే, హనుమకొండ, కాజీపేట, వరంగల్ ఇళ్లలో ఇప్పుడు ముందుగా వినిపించే పేరు హైదరాబాద్ శివార్లలోని థీమ్ పార్కులదే. దాని వెనుకనే, అంత డబ్బు పెట్టి పోవడం దండగ కాదా అన్న రెండో మాట కూడా వస్తుంది. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కనుక, గత మే నెలలో మా కుటుంబం అలాంటి ఒక పార్కుకు వెళ్లి వచ్చిన తర్వాత ఆ ఖర్చునంతా కాగితం మీద వేసి చూశాను. పార్కు పేరు రాయడం లేదు. నా అభ్యంతరం ఒక యాజమాన్యం మీద కాదు, టికెట్ ధర కట్టే పద్ధతి మీద.

నేను, నా భార్య, కొడుకు, కోడలు, పన్నెండేళ్ల మనవరాలు, తొమ్మిదేళ్ల మనవడు కలిసి ఆరుగురం వెళ్లాం. ఆదివారం కావడంతో పెద్దల టికెట్ పన్నుతో కలిపి 1,600 రూపాయలు. మనవరాలి ఎత్తు 140 సెంటీమీటర్లు దాటింది కాబట్టి ఆమెకూ పెద్దల ధరే పడింది. మనవడికి 1,280, వయసు మళ్లిన మా ఇద్దరికి రాయితీ పోను తలా 1,200 చొప్పున గేటు దగ్గరే 8,480 రూపాయలు అయ్యాయి. కిరాయి బండికి డ్రైవర్ బత్తా, టోల్ కలిపి 5,500, లోపల తిన్న తిండికి 2,400, నీళ్లలో దిగాలంటే నైలాన్ బట్టలు తప్పనిసరి అన్నందుకు అక్కడే కొన్నవాటికి 1,400, లాకర్లకు 300. అన్నీ కలిపితే 18,080. తిరుగు ప్రయాణంలో జనగామ దాటాక, "గీ పైసలతోని మేడారం నాలుగుసార్లు పోయి రావచ్చు" అని నా భార్య అన్నది. జాతర రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి అది ఎనిమిదేళ్ల ఖర్చు అవుతుందని నాకు తోచింది గాని, అప్పుడు లెక్కలు చెప్పే సమయం కాదని ఊరుకున్నాను.

ఎవరు ఎన్ని రైడ్లు ఎక్కారో జేబులోని చిన్న పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. మనవరాలు ఏడు, మనవడు ఐదు, కొడుకు నాలుగు, కోడలు రెండు, పార్కు చుట్టూ నెమ్మదిగా తిరిగే రైలు ఒక్కటి నేను. నా భార్య ఏదీ ఎక్కలేదు. మా సంచులకు కాపలాగా వేపచెట్టు నీడన బెంచీ మీద కూర్చున్నది. మొత్తం 19. గేటు దగ్గర కట్టిన సొమ్మును 19తో భాగిస్తే ఒక్కో రైడ్‌కు 446 రూపాయలు పడినట్లు. అదే మనవరాలిని విడిగా తీసుకుంటే 1,600కు ఏడు, అంటే ఒక్కోటి 229 రూపాయలు. హనుమకొండ హయగ్రీవాచారి మైదానంలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు మూడు నిమిషాల జెయింట్ వీల్‌కు వంద రూపాయలు ఇస్తున్నాం. దానితో పోల్చి చూస్తే, పెద్ద యంత్రాల మీద ఏడుసార్లు తిరిగి, మధ్యలో రెండు గంటలు అలల కొలనులో గడిపిన పిల్లకు పెట్టిన 1,600 ఎక్కువ అని నేను అనలేను. ఆ పిల్ల ఆ రోజు పడిన సంతోషాన్ని చూసిన తర్వాత అసలే అనలేను. కాబట్టి టికెట్ ధర గిట్టుబాటు అవుతుందా అని అడిగితే, ఒక్క మా ఇంట్లోనే ఆరుగురికి ఆరు జవాబులు ఉన్నాయి. ధర మాత్రం ఎవరు ఎన్ని ఎక్కారో చూడదు, ఎత్తునూ వయసునూ మాత్రమే చూస్తుంది.

ధరలు పెరగడానికి కారణాలు లేవని నేను అనడం లేదు. పెద్ద రోలర్ కోస్టర్లలో చాలావాటిని నెదర్లాండ్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ వంటి దేశాల నుంచి తెప్పించుకోవాలి. రవాణా, దిగుమతి సుంకం, విడిభాగాలు అన్నీ విదేశీ ధరల్లోనే ఉంటాయి. కొలనుల నీటిని రోజంతా వడపోసి క్లోరిన్ కలపాలి, ప్రతి కొలను దగ్గరా ఈత వచ్చిన మనుషులను నిలబెట్టాలి. వానాకాలంలో జనం రాని రోజుల్లోనూ జీతాలు, కరెంటు బిల్లులు ఆగవు. వీటన్నింటికంటే నేను ఎక్కువ విలువ ఇచ్చేది భద్రతకు. జాతరల్లో, తాత్కాలిక ఎగ్జిబిషన్లలో రాత్రికి రాత్రి బిగించిన జెయింట్ వీల్ కింద ఇటుకలు, చెక్కముక్కలు పెట్టి చదును చేసిన దృశ్యం మనలో చూడనివారు తక్కువ. దాని బోల్టులు ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో అడిగితే చెప్పే మనిషి అక్కడ ఉండడు. మేం వెళ్లిన పార్కులో రైడ్ కదలకముందు ప్రతి సీటు దగ్గరకూ వచ్చి పట్టీని చేత్తో లాగి చూశారు. సన్నని చినుకులు మొదలవగానే ఎత్తైన రైడ్లను ఆపేశారు. అలా ఆపినందుకు కొందరు గొడవపడ్డారు గాని, నాకైతే కట్టిన డబ్బులో కొంత న్యాయంగా ఖర్చయిందని అప్పుడే అనిపించింది. భద్రతకు అయ్యే ఖర్చును తగ్గించి టికెట్ చవక చేయమని ఏ తాతా అడగడు.

పన్ను మాట కూడా చెప్పుకోవాలి. ఇలాంటి పార్కుల ప్రవేశంపై 2015 జూన్ 1 నుంచి సేవా పన్ను పడింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు వీటిని 28 శాతంలో పెట్టి, విమర్శలు వచ్చాక 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించారు. ఈ లెక్కన 1,600 రూపాయల టికెట్‌లో 244 రూపాయలు పన్నే. ధర పెరిగిందని పార్కును తిట్టేవారు ఈ 244ను తీసేసి తిట్టడం న్యాయం.

నాకు మింగుడుపడనిది ఆదివారం ధర. మామూలు రోజుల్లో తక్కువ, సెలవు రోజుల్లో ఎక్కువ తీసుకోవడం ఇప్పుడు అంతటా ఉన్నదే, రద్దీని సర్దుకోవడానికి అది పనికొస్తుందని కూడా అంటారు. హైదరాబాద్‌లో ఉండేవారు ఒక మంగళవారం మధ్యాహ్నం తీరిక చేసుకొని వెళ్లిరాగలరు. వరంగల్, కరీంనగర్, భూపాలపల్లి, ములుగు నుంచి వెళ్లాలనుకునే ఉద్యోగస్తుల కుటుంబానికి తెల్లవారుజామున బయలుదేరి అర్ధరాత్రికి ఇల్లు చేరే ప్రయాణం అది. సెలవు రోజు తప్ప వారికి మరో దారి లేదు. ఆ రోజే ధర ఎక్కువ, ఆ రోజే వరుసలు పొడవు. మామూలు రోజున పది రైడ్లు ఎక్కగలిగిన పిల్ల ఆదివారం ఏడే ఎక్కుతుంది. సరుకు తగ్గిన రోజున ధర పెంచే దుకాణం మరొకటి ఉంటుందా? రెండు నిమిషాల రైడ్ కోసం నా కొడుకు, మనవరాలు 50 నిమిషాలు నిలబడ్డారు.

ఆ వరుస పక్కన మరో వరుస ఉంది. అదనంగా డబ్బు కట్టి ఫాస్ట్ ట్రాక్ టికెట్ కొన్నవారు అందులో నుంచి నేరుగా ముందుకు వెళ్తారు. దీన్ని లెక్కల మాస్టారుగా వివరించాలని ఉంది. ఒక రైడ్ గంటకు 600 మందిని ఎక్కించగలదనీ, వరుసలో 400 మంది ఉన్నారనీ అనుకుందాం. చివరి మనిషికి 40 నిమిషాలు పడుతుంది. అందులో మూడో వంతు సీట్లను ఫాస్ట్ ట్రాక్‌కు ఇస్తే మామూలు వరుసకు గంటకు 400 సీట్లే మిగులుతాయి, అదే చివరి మనిషికి 60 నిమిషాలు పడుతుంది. ఈ 20 నిమిషాలు ఎక్కడి నుంచో ఊడిపడలేదు, పూర్తి ధర పెట్టి టికెట్ కొన్న మనిషి దగ్గర తీసుకొని మరొకరికి అమ్మినవే. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో ఇలాంటి సౌకర్యాన్ని 1999లో ఉచితంగానే మొదలుపెట్టి, 2021లో దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతి తెచ్చారు. అక్కడ రద్దీ రోజుల్లో ఒక్కరోజు టికెట్ ఇప్పుడు 200 డాలర్లు దాటింది. మన పార్కులు వారి నుంచి నేర్చుకోవడానికి ఇది తప్ప మరేదీ దొరకలేదా అనిపిస్తుంది.

నేర్చుకోదగినది వారి పాత పద్ధతిలోనే ఉంది. 1955 జూలైలో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు పెద్దలకు ప్రవేశ రుసుము ఒక డాలర్. రైడ్లకు వేరుగా, 10 నుంచి 35 సెంట్ల వరకు ఉండేది. కొద్ది కాలానికే టికెట్ల పుస్తకాలు వచ్చాయి. చిన్న రైడ్‌కు ఒక రకం చీటీ, పెద్ద రైడ్‌కు మరో రకం. ఒక్క టికెట్‌తో అన్నీ ఎక్కే విధానానికి వారు పూర్తిగా మారింది 1982లో. మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. నాంపల్లి నుమాయిష్ ఈనాటికీ ఆ పద్ధతిలోనే నడుస్తోంది: 2024లో 40, 2025లో 50 రూపాయలు కట్టి ఎవరైనా లోపలికి పోవచ్చు, రంగులరాట్నం ఎక్కినవారు దాని డబ్బు వేరుగా ఇస్తారు, అవ్వ బెంచీ మీద కూర్చొని మిర్చి బజ్జీ తింటే దాని డబ్బే ఇస్తుంది. అన్నీ ఎక్కాలనుకునే కుర్రవాళ్లకు ఇప్పటి టికెట్‌ను అలాగే ఉంచి, దాని పక్కన 200, 300 రూపాయలకు చూడడానికి మాత్రమే వచ్చేవారి టికెట్ ఒకటి పెడితే పార్కుకు పోయేదేమిటి? యంత్రాన్ని ముట్టుకోని మనిషి వల్ల యంత్రం అరగదు, వరుసా పెరగదు. ముసలివాళ్లను ఇంట్లో వదిలి రాలేక అసలు ప్రయాణమే మానుకుంటున్న కుటుంబాలు నాకు తెలిసి మా వీధిలోనే మూడు ఉన్నాయి. అవి వస్తే పార్కుకే లాభం. నా భార్యకూ నాకూ కలిపి ఆ రోజు 2,400 రూపాయలు అయ్యాయి. నా రైలు ప్రయాణాన్ని తీసివేసినా, బెంచీ అద్దె కాస్త ఎక్కువే అని పాఠకులు ఒప్పుకుంటారు.

తిండి విషయం క్లుప్తంగా రాస్తాను. నా భార్య తెల్లవారుజామున లేచి చేసిన పులిహోర, సకినాలు గేటు దగ్గరే బండికి తిరిగి వెళ్లాయి. సినిమా హాళ్ల యజమానులు బయటి తిండిని వద్దనవచ్చని, అయితే తాగే నీటిని ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల ఆహారాన్ని అనుమతించాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మూడు గంటల సినిమాకు ఆ నియమం సరిపోవచ్చు. పొద్దున ప్రవేశించి సాయంత్రం బయటకు వచ్చే చోట, మధుమేహం ఉన్నవారు వేళకు తమ తిండి తాము తినే వీలు లేకపోవడం ఇబ్బందే. బయటి తిండిని లోపలికి రానివ్వకపోయినా, గేటు బయట నీడ, కుళాయి ఉన్న ఒక షెడ్డు వేసి, చేతి మీద ముద్ర చూపించి మళ్లీ లోపలికి రావచ్చని అంటే సరిపోతుంది.

ఇక బడి పిల్లలు. నా ఉద్యోగంలో చివరి ఏడాది తొమ్మిదో తరగతిని విహారయాత్రకు ఇలాంటి పార్కుకు తీసుకెళ్లాం. బడులకు ఇచ్చే రాయితీ పోను, బస్సు ఖర్చుతో కలిపి చెప్పిన మొత్తానికి 41 మందిలో 13 మంది పేర్లు ఇవ్వలేదు. వాళ్లలో ఏ ఒక్కరూ డబ్బు లేదని చెప్పలేదు. జ్వరం అన్నారు, ఇంట్లో పెళ్లి అన్నారు, రైడ్లంటే భయం అన్నారు. అప్పటికంటే ధరలు ఇప్పుడు చాలా పెరిగాయి. వారం మధ్యలో సగం ఖాళీగా తిరిగే రైడ్లలో ప్రభుత్వ బడుల పిల్లలకు నామమాత్రపు ధరకు చోటు ఇవ్వడం పార్కులకు పెద్ద భారం కాదు. విద్యాశాఖ అడగాలే గాని, ఆ టికెట్లపై పన్నును తిరిగి చెల్లించే ఏర్పాటు కూడా ప్రభుత్వం ఆలోచించవచ్చు.

మా వరకు మేం ఒక నిర్ణయానికి వచ్చాం. మళ్లీ వెళ్లడమంటూ జరిగితే కొడుకు ఒక రోజు సెలవు పెట్టుకొని, పిల్లలిద్దరినీ తీసుకొని దసరా సెలవుల్లో ఒక బుధవారం కాజీపేటలో రైలెక్కుతాడు, మేం ముగ్గురం ఇంట్లో ఉంటాం. ఒక్క చిక్కు మిగిలింది. పార్కులో అన్నింటికంటే పెద్ద రైడ్ దగ్గర 140 సెంటీమీటర్ల గీత కింద నిలబెట్టి, నాలుగు సెంటీమీటర్లు తక్కువ ఉన్నావని మనవడిని వెనక్కి పంపారు. ఆ రోజు నుంచి వాడు మా వంటింటి తలుపుకు పెన్సిల్‌తో గీతలు గీసుకుంటున్నాడు, ప్రస్తుతం 137న్నర దగ్గర ఉన్నాడు. 140 దాటిన రోజున వాడికి ఆ రైడ్ ఎక్కే అర్హత, పెద్దల టికెట్ ధర రెండూ ఒకేసారి వస్తాయి. మొదటిదాని గురించి మాత్రమే వాడికి చెప్పాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
హనుమకొండ.