కేంద్ర ఆర్థిక మంత్రి గారికి ఒక పెన్షనర్ బహిరంగ లేఖ

అమ్మా, నమస్కారం.

బిట్‌కాయిన్ అనే డిజిటల్ కరెన్సీ కొనమని మా అబ్బాయి రెండేళ్లుగా పోరుతున్నాడు. ధర పడుతుందని కాదు నా భయం. షేర్లూ పడతాయి, అలవాటే. 2022 బడ్జెట్‌లో క్రిప్టో (ఇలాంటి డిజిటల్ కరెన్సీల) లాభంపై 30 శాతం పన్ను వేశారు. ఒక కాయిన్‌లో పోయినదాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేసుకోనివ్వరు. సరే, కడతాం. మరి రక్షణ? బ్యాంకు మునిగితే డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ నుంచి హ్యాకర్లు దాదాపు 23 కోట్ల డాలర్ల క్రిప్టోను ఎత్తుకుపోతే, ఖాతాదారులు నెలల తరబడి తమ సొమ్ము తీసుకోలేకపోయారు. అలాంటప్పుడు మేం ఎవరి గడప తొక్కాలి? షేర్ మార్కెట్‌ను చూసే సెబీదా, రిజర్వ్ బ్యాంకుదా? ఆ ఒక్క ముక్క చట్టంలో రాయించండి. అప్పటిదాకా నా డబ్బు పోస్టాఫీసులోనే ఉంటుంది, మావాడు ఎంత సణిగినా.

ఇట్లు,
రిటైరైన ఒక లెక్కల మాస్టారు, ఖమ్మం