గింజ రాలాక వచ్చిన నోటీసు: కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారాలు.

ఖాళీ స్థలాల్లో కలుపు తొలగింపు నిబంధన గురించి మీ కార్యాలయంలో మూడు అర్జీలు ఇచ్చాను. మూడింటికీ రసీదులున్నాయి, జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈ నాలుగోది నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నిబంధన మీద నాకు కోపం లేదు. స్థలం ఉన్నవారు దాన్ని శుభ్రంగా ఉంచుకోవలసిందే. నా బాధంతా నోటీసు వచ్చే వేళ గురించి, అది ఎవరికి వస్తోంది, ఎవరికి రావడం లేదు అన్నదాని గురించి.

మా ఇంటి పక్క ఖాళీ స్థలం నాదే. తొలి వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉండగానే, చేతికి తొడుగులు వేసుకుని వయ్యారిభామ (పార్థీనియం) కలుపు మొక్కలను వేళ్ళతో సహా పీకాం. అప్పటికి ఒక్క మొక్కా పూత పట్టలేదు. నోటీసు వచ్చేదాకా ఆగలేదు మేము. మా అమ్మకు ఉబ్బసం. ఆ పుప్పొడి గాలిలో కలిసిన రోజుల్లో ఆమెకు రాత్రి నిద్ర ఉండదు, కూర్చునే తెల్లవారుస్తుంది. ఆ మొక్క తగిలితే నా చేతులు దద్దుర్లెక్కి వారం పాటు మండుతాయి.

మా స్థలం వెనక మురుగు కాలువ గట్టు ఉంది. అది మీ కార్యాలయానిదే. దాని మీద మొలిచిన వయ్యారిభామ జోలికి ఎవరూ వెళ్ళలేదు. మొలిచిన నెల రోజులకే పూత పట్టే మొక్క అది. ఒక్కో మొక్క 15,000కు పైగా గింజలు రాల్చగలదు. గాలితో, వాననీటితో, కాళ్ళకంటిన బురదతో ఆ గింజలన్నీ మా స్థలంలోకి వచ్చి పడ్డాయి, మళ్ళీ మొలిచాయి. గట్టంతా తెల్లగా పూసి, గింజ రాలిపోయాక మీ నోటీసు వచ్చింది. నాకు వచ్చింది! గట్టుకు నోటీసు ఎవరిస్తారండీ?

అవతలి స్థలం యజమాని ఎక్కడుంటారో మాకెవరికీ తెలియదు. ఆయనకు పంపిన నోటీసు తిరిగి వచ్చిందని మీ సిబ్బందే చెప్పారు. యజమాని దొరకకపోతే కార్యాలయమే తీయించి, ఆ ఖర్చు పన్నులో కలిపి వసూలు చేస్తుందని నోటీసు వెనకే ముద్రించి ఉంది. ఆ మాట చాలాకాలం అమలు కాలేదు. చివరికి ఆ స్థలానికి మనుషులను పంపినప్పుడు కూడా కొడవలితో పైపైన కోయించి వెళ్ళారు. వయ్యారిభామను అలా కోస్తే మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది. పైగా పండిన మొక్కలను ఈడ్చుకెళ్ళినంత మేరా గింజలు చల్లినట్లయింది. తనిఖీకి వచ్చినవారు నేల చదునుగా కనిపించిందని సంతకం పెట్టేశారు.

నేను మాత్రం రెండోసారి కూడా పీకించాను. పీకిన కుప్పను ఏం చేయాలి? కాల్చకూడదన్నారు, మంచిదే, ఆ పొగ మా అమ్మకే ముందు తగులుతుంది. చెత్త బండివారు మేం తీసుకెళ్ళం అన్నారు. గింజ పట్టిన మొక్కను ఎరువు గుంతలో వేస్తే రేపు ఎరువుతో పాటే మొలుస్తుంది. దిక్కుతోచక స్థలంలో ఓ మూల పోసి ఉంచితే, శుభ్రం చేయలేదంటూ జరిమానా వేశారు. ఆ కాగితం పట్టుకుని మీ కార్యాలయం మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్క మరిచిపోయాను. ప్రతిసారీ మీరు సమావేశంలో ఉన్నారనే చెప్పారు.

అయ్యా, నోటీసు తొలి వానలతో పాటే రావాలి, పూతకు ముందే. తనిఖీకి వచ్చేవారు వేరు ఊడిందో లేదో చూడాలి. పీకిన మొక్కలను తీసుకెళ్ళే బండి ఒకటి పంపాలి. అన్నిటికంటే ముందు ఆ కాలువ గట్టు బాగుచేయించండి. జరిమానా రద్దు చేస్తే మేలే, చేయకపోయినా కడతాను. గట్టు బాగుచేయించండి చాలు, పదే పదే అడుగుతున్నది అదొక్కటే.

ఈమధ్య పడిన వానలకు గట్టు మీద మళ్ళీ మొలకలు వచ్చాయి. ఇంకా నాలుగాకుల మీదే ఉన్నాయి. ఈ వారంలో మనుషులను పంపితే చేత్తో లాగినా వేళ్ళతో సహా వచ్చేస్తాయి.

ఇట్లు,
మీ జరిమానా నోటీసు అందుకున్న ఒక స్థల యజమాని